ఐడీ కార్డు మీద లేనిది

పొద్దున తొమ్మిది దాటాక హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగే జనాన్ని చూడండి. ప్రతి మెడలోనూ ఒక తాడు, దానికి ఒక కార్డు. ముందువైపు ఫొటో, పేరు, ఉద్యోగి నంబరు. చాలా కార్డుల వెనకవైపు అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, దాని పక్కనే రక్తం గ్రూపు: బీ పాజిటివ్, ఓ పాజిటివ్, ఏబీ నెగటివ్. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ దారిన నడిచిన ఉద్యోగులు తమ జన్యువుల సమాచారం కొంత మెడలో వేసుకునే తిరుగుతున్నారు. కొంత అని ఎందుకంటున్నానంటే, ఆ కార్డు చెప్పేది సగమే.

రక్తం గ్రూపులో ఏ, బీ, ఓ అన్నది నిర్ణయించే జన్యువు తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ప్రతి మనిషిలోనూ దానికి రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కో ప్రతి ఏ కావచ్చు, బీ కావచ్చు, ఓ కావచ్చు. ఏ, బీ ప్రతులు ఎర్ర రక్తకణం పైన తలా ఒక రకం చక్కెర అణువును అతికించే ఎంజైములను తయారు చేయిస్తాయి. ఆ రెండు ఎంజైముల మధ్య తేడా నాలుగే నాలుగు అమైనో ఆమ్లాలు. ఎక్కువగా కనిపించే ఓ ప్రతిలో ఒక్క అక్షరం లోపించింది. మూడేసి అక్షరాలుగా చదివే క్రమం అక్కడి నుంచి తప్పిపోయి, ఎంజైము తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఓ ప్రతి ఏమీ అతికించదు.

కార్డు మీద బీ అని ఉన్నవాడిలో రెండు ప్రతులూ బీ అయి ఉండవచ్చు, లేదా ఒకటి బీ, ఒకటి ఓ కావచ్చు. ల్యాబ్‌లో రక్తపు చుక్క మీద మందు వేసి చూసినవాడికి ఈ ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. బయటికి కనిపించే ఆ ఫలితం దృశ్యరూపం, ఫీనోటైప్. లోపలున్న జంట జన్యురూపం, జీనోటైప్. ఈ తేడా తెలియక కాపురాలు కూలిన కథలు మన సీరియళ్ళకు కొదవ లేదు. తండ్రిది ఏ, తల్లిది బీ, బిడ్డది ఓ అయితే చాలు, నేపథ్య సంగీతం మొదలవుతుంది. తండ్రిలో ఏ-ఓ, తల్లిలో బీ-ఓ ఉంటే నలుగురు బిడ్డల్లో సగటున ఒకరు ఓ-ఓ అవుతారు. అనుమానించాల్సింది ఏమీ లేదు.

పోనీ, కార్డు మీద ఓ అని ఉంటే జన్యురూపం ఓ-ఓ అని ఖాయంగా చెప్పేయవచ్చు కదా? దాదాపుగా చెప్పవచ్చు. ఆ ‘దాదాపు’ను మన దేశమే ప్రపంచానికి చూపించింది. 1952లో బొంబాయిలో వై. ఎం. భేండే బృందం వింత రక్తం ఉన్న మనుషుల గురించి లాన్సెట్ పత్రికలో రాసింది. పరీక్షలో వాళ్ళది ఓ లాగే కనిపిస్తుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ఒప్పదు. ఏ, బీ చక్కెరలు అంటుకోవడానికి ముందు హెచ్ అనే పునాది ఒకటి కావాలి. దాన్ని కట్టే వేరే జన్యువు వాళ్ళలో రెండు ప్రతుల్లోనూ చెడిపోయింది. పునాది లేనిచోట ఏ జన్యువు ఉన్నా, బీ జన్యువు ఉన్నా ఒకటే. ఇప్పుడు బాంబే గ్రూపు అంటున్నది దాన్నే. ఒక జన్యువు రూపాన్ని మరో జన్యువు ఇలా కప్పేయగలదు.

జన్యురూపం, దృశ్యరూపం అనే రెండు భావనలనూ విడదీసినవాడు డెన్మార్క్‌కు చెందిన విల్హెల్మ్ యోహాన్‌సెన్. విశ్వవిద్యాలయంలో చదివించే స్తోమత ఇంట్లో లేక మందుల దుకాణంలో పనికి కుదిరినవాడు. తర్వాత కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో చేరాడు, అవును, ఆ బీరు కంపెనీదే. చిక్కుడు జాతికి చెందిన బీన్స్ గింజలను తూచి, 19 శుద్ధ వరసలను వేరు చేశాడు. శుద్ధ వరస అంటే తనలో తాను పరాగ సంపర్కం చేసుకునే ఒకే మొక్క సంతానం. అందులో మొక్కలన్నిటి జన్యురూపం ఒకటే. ఒకే వరసలో పెద్ద గింజలు ఒక పక్క, చిన్న గింజలు ఒక పక్క నాటుకుంటూ ఆరు తరాలు పోయాడు. పెద్ద గింజల పిల్లలూ చిన్న గింజల పిల్లలూ సగటున ఒకే బరువు తూగాయి. గింజ పెద్దదా చిన్నదా అన్నది మట్టి, ఎండ, కాయలో అది కూర్చున్న చోటు తేల్చిన సంగతి. అది సంతానానికి చేరలేదు. 1909లో అచ్చయిన తన పుస్తకంలో జన్యువు, జన్యురూపం, దృశ్యరూపం అనే మూడు భావనలకూ యోహాన్‌సెన్ పేర్లు పెట్టాడు. డీఎన్ఏ ఆకారం తెలియడానికి ఇంకా 44 ఏళ్ళుంది. జన్యువు అనేది ఏ పదార్థంతో తయారైందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా పడలేదు. తెలియని చోట ఊహలు పేర్చకపోవడమే ఆయనలో నాకు నచ్చే గుణం.

కంటికి కనిపించే రూపాన్ని నమ్ముకోకుండా జన్యురూపాన్ని విడిగా చూసే పని హైదరాబాద్‌లో వరి మీద జరిగింది. ఐటీ కారిడార్ హాస్టళ్ళలోనూ క్యాంటీన్లలోనూ తినే సన్నబియ్యంలో పేరున్న రకం సాంబమసూరి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. రుచికి తిరుగులేదు గానీ బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులోకి తేవాలనుకున్నాయి. చిక్కు ఏమిటంటే, చివరి రెండూ అంతర్గత జన్యువులు, రెండు ప్రతులూ ఉంటే తప్ప బయటపడవు. బీపీటీతో మళ్ళీ మళ్ళీ సంకరం చేసే ప్రతి తరంలోనూ ఒక్కో ప్రతి మాత్రమే ఉన్న మొక్కలు వస్తాయి. తెగులు సోకించి చూస్తే వాటిని గుర్తుపట్టలేం. పైగా ఎక్స్ఏ21 ఒక్కటి ఉన్నా మొక్క చాలావరకు నిలబడుతుంది కాబట్టి మిగతా రెండూ దాని వెనక దాక్కుంటాయి. చేను ఎంత తేరిపార చూసినా లాభం లేదు. ఆకు ముక్క తుంచి, డీఎన్ఏ తీసి, జన్యురూపం చదివి మొక్కల్ని ఎంచుకున్నారు. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబమసూరి అలా వచ్చింది.

చేనులో జన్యురూపాన్ని మార్చి దృశ్యరూపాన్ని బాగుచేసుకున్నాం. కారిడార్‌లో జరిగింది దీనికి తలకిందులు. జన్యురూపం మారలేదు, మనుషుల ఒంటి తీరు మారింది.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, దానికి దగ్గర్లోనే ఉన్న ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించాయి. నూటికి 84 మందిలో కాలేయానికి కొవ్వు పట్టింది. 71 శాతం మందికి ఊబకాయం. కూర్చుని చేసే పని, రాత్రి షిఫ్టులు, నిద్రలేమి, ఒత్తిడి, ఇవన్నీ కథలో పాత్రలే. అయితే జన్యు శాస్త్రం చదివినవాడికి ముందుగా తట్టే ప్రశ్న వేరు. ఈ ఉద్యోగుల తాతల్లో ఎందరికి ఇలా ఉండేది? అప్పట్లో కాలేయాన్ని స్కాన్ చేసినవాళ్ళు లేరు, అంకె లేదు. కానీ తాతకూ మనవడికీ మధ్య రెండు తరాలే. ఒక జనాభాలో జన్యురూపాల నిష్పత్తి రెండు తరాల్లో ఇంతగా మారదు. నాట్లు వేసి, నడిచి తిరిగిన ఒంట్లో ఊరుకున్న జన్యువులే ఇప్పుడు రోజుకు పది గంటలు కుర్చీలో ఉన్న ఒంట్లో వేరే ఫలితం ఇస్తున్నాయి.

అయితే కొవ్వు పట్టడంలో జన్యువులకు పాత్రే లేదనుకోవద్దు. 2008లో డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం 9,229 జన్యు తేడాలను జల్లెడ పట్టి ఒకదాన్ని పట్టుకుంది. ఈ కారిడార్ నుంచి విమానమెక్కినవాళ్ళు ఎందరో కాపురముంటున్న ఊరే ఈ డాలస్. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువు 22వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో ఒకచోట సీ ఉండాల్సిన స్థానంలో జీ ఉంటే, తయారయ్యే ప్రొటీన్‌లో 148వ అమైనో ఆమ్లం ఐసోల్యూసిన్ నుంచి మెథియోనిన్‌కు మారుతుంది. జన్యురూపాలు మూడే: సీసీ, సీజీ, జీజీ. జీజీ ఉన్నవాళ్ళ కాలేయంలో సీసీ వాళ్ళకంటే సగటున రెట్టింపుకు పైగా కొవ్వు కనిపించింది.

అసలు సంగతి 2017లో అదే డాలస్ సమాచారంతో బయటపడింది. సీసీ జన్యురూపం ఉండి సన్నగా ఉన్నవాళ్ళలో 9 శాతం మందికే కొవ్వు కాలేయం. జీజీ ఉండి బాగా లావైనవాళ్ళలో 84 శాతం. (ఆ 84కూ గచ్చిబౌలి 84కూ సంబంధం లేదు. కొలిచిన పద్ధతులు వేరు, మనుషులు వేరు. అంకె ఊరికే కలిసింది.) ఒళ్ళు పెరిగే కొద్దీ జన్యురూపాల మధ్య దూరం పెరుగుతూ పోయింది. సన్నగా ఉన్నప్పుడు జీజీ, సీసీ పక్కపక్కన నిలబడితే పెద్ద తేడా తెలియదు. బరువు పెరిగాక ఒకరి కాలేయం మరొకరికంటే ఎంతో ముందు మునుగుతుంది. ‘ఈ జబ్బులో జన్యువుల వాటా ఎంత, అలవాట్ల వాటా ఎంత’ అని అడిగేవాళ్ళు ఈ ఫలితాన్ని ఒకసారి గమనించాలి. ఇక్కడ వాటాలు కూడవు, ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి. ఇలాంటి సంగతిని రిచర్డ్ వోల్టెరెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త నీటి ఈగలను వేర్వేరు మేతల మీద పెంచి గీతలుగా గీసి చూపాడు. అదీ 1909లోనే. ఒక జన్యురూపం అంటే ఒక రూపం కాదు, పరిస్థితిని బట్టి మారే రూపాల వరస మొత్తం.

మీ జన్యురూపం తెలుసుకోవాలంటే కారిడార్ దాటి పోనక్కర్లేదు. అను ఆచార్య స్థాపించిన మ్యాప్‌మైజీనోమ్ మాదాపూర్‌లోనే ఉంది. 2013లో వాళ్ళు తెచ్చిన పరీక్షకు జన్మపత్రిని తలపించేలా ‘జీనోమ్‌పత్రి’ అని పేరు పెట్టారు. ఇలాంటి పరీక్షలన్నిటికీ దారి ఇంచుమించు ఒకటే. గొట్టంలో ఉమ్మితే అందులో నోటి కణాలుంటాయి. వాటి డీఎన్ఏను ఒక చిప్ మీద పోస్తారు. చిప్ మీద లక్షల స్థానాలకు తలా ఒక ఎర ఉంటుంది. ఒక అక్షరానికి ఎరుపు, మరో అక్షరానికి ఆకుపచ్చ వెలుగుతుంది, రెండూ ఉంటే రెండు రంగులూ కలిసి వెలుగుతాయి. వేలమంది ఫలితాలను ఒక స్థానానికి గ్రాఫు మీద పెడితే చుక్కలన్నీ మూడు గుంపులుగా విడిపోతాయి. మెండెల్ బఠాణీల్లో ఊహించి చెప్పిన మూడు రకాలు అక్కడ కళ్ళకు కడతాయి.

ఆ ముడి ఫైలును తెరిచిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు అది సుపరిచితంగానే కనిపిస్తుంది. లక్షల వరసలు, నాలుగు నిలువు గళ్ళు. స్థానం పేరు, క్రోమోజోమ్, దాని మీద చిరునామా, రెండక్షరాలు. చివరి గడిలోని ఆ రెండక్షరాలే జన్యురూపం. పైన చెప్పిన కాలేయం స్థానమైతే ఆర్ఎస్ 738409, 22, ఆ తర్వాత ఎనిమిదంకెల చిరునామా, చివర సీజీ. ఫైలు చూసి జన్యువులన్నీ తెలిసిపోయాయనుకోవద్దు. మనిషి జన్యుసంపుటిలో అక్షరాలు 300 కోట్లకు పైనే. చిప్ అడిగేది ముందే ఎంచుకున్న స్థానాలను మాత్రమే. ఆ ఎంపిక చాలాకాలం యూరప్ మూలాల వాళ్ళ సమాచారం ఆధారంగా జరిగింది.

మరి తెలుగువాళ్ళ సమాచారం? ప్రపంచంలో జన్యు పరిశోధకులంతా రోజూ వాడే వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు 2015లో పూర్తయింది. 26 జనాభాలకు చెందిన 2,504 మంది అందులో ఉన్నారు. వాటిలో ఒక జనాభా పేరు ఐటీయూ, బ్రిటన్‌లోని తెలుగువాళ్ళు, 102 మంది. తెలుగువాళ్ళంటే ఎవరని పరిశోధకుడు వెతికితే ముందు దొరికేది బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్ళ నమూనాలే. ఉన్నందుకు సంతోషమే గానీ, ‘తెలుగు’ అని ఒక్క చీటీ అంటించడం దగ్గర నాకు పేచీ ఉంది. జన్యుపరంగా తెలుగువాళ్ళు ఒకే జనాభా కాదు. వానకు నిండినప్పుడు ఒకే నీరులా కనిపించినా గట్లు తెగని చెరువుల్లా, పెళ్ళిళ్ళ విషయంలో కులాలు వందల ఏళ్ళుగా విడివిడిగా ఉండిపోయాయి.

ఈ సంగతిని లెక్కతో చూపినవాళ్ళు హైదరాబాద్ వాళ్ళే. సీసీఎంబీలో లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందాలు 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యురూపాలను 5.6 లక్షల స్థానాల్లో చదివాయి. వైశ్యుల సమూహం వందకు పైగా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టి, అప్పటి నుంచి బయటివాళ్ళతో పెద్దగా కలవలేదని తేలింది. పెనుగొండ కన్యకా పరమేశ్వరి కథను దీనికి ముడిపెట్టి మాట్లాడేవాళ్ళున్నారు. ఆ ముడి పడదు. కథ మధ్యయుగాలది, జన్యువుల లెక్క అంతకు వెయ్యేళ్ళ పైన. 2017లో తంగరాజ్, రైక్ బృందాలే 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించాయి. ఫిన్లాండ్ ప్రజలకంటే, అష్కెనాజీ యూదులకంటే బలమైన ఇలాంటి ఆరంభం 81 సమూహాల్లో కనిపించింది. పది లక్షలకు మించిన జనం ఉన్నవి వాటిలో 14. ఆ పద్నాలుగింటిలో వైశ్యులతో పాటు రెడ్లు, వడ్డెరలు, పట్టపు కాపులు, అగ్నికుల క్షత్రియులూ ఉన్నారు.

ఇలాంటి ఆరంభం వల్ల ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ ఒకటి, వైశ్యుల విషయంలో, మత్తుమందు డాక్టర్లకు బాగా తెలుసు. ఆపరేషన్‌కు ముందు గొంతులోకి గొట్టం దించడానికి కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. థియేటర్ భాషలో స్కోలిన్. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైముకు మూలం మూడో క్రోమోజోమ్ మీది బీసీహెచ్ఈ జన్యువు. వైశ్యుల్లో కొందరిలో ఆ ఎంజైములో 307వ చోట ల్యూసిన్ బదులు ప్రోలిన్ ఉంటుంది. రెండు ప్రతులూ అలాంటివైతే స్కోలిన్ విరగదు, రోగి గంటల తరబడి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకుని ఉంటే ప్రమాదం లేదు. సంగతి తెలియకపోతేనే ప్రమాదం. ఈ లోపం మిగతా సమూహాలకంటే వైశ్యుల్లో దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఈ జన్యురూపం ఉన్న మనిషి ఆ మందు ఒంట్లోకి ఎక్కకపోతే ఎనభై ఏళ్ళు బతికినా తనలో తేడా ఉన్నట్టే తెలియదు.

వంద రెట్లు అంటే భయపడే ముందు ఒక లెక్క చూద్దాం. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన గణితవేత్త హార్డీ, అంతకు ఆరేళ్ళ ముందు 1908లో సైన్స్ పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. జన్యు శాస్త్రంలో ఆయన పేరు నిలబెట్టింది ఆ ఉత్తరమే. అదే ఏడాది జర్మనీ డాక్టర్ వైన్‌బర్గ్ విడిగా అదే తేల్చాడు. పెళ్ళిళ్ళు జన్యువులతో నిమిత్తం లేకుండా జరిగితే, రెండు చెడ్డ ప్రతులూ ఉన్నవాళ్ళ నిష్పత్తి ఆ ప్రతి నిష్పత్తికి వర్గం. ఊరికే లెక్క కోసం, ఒక సమూహంలో పదివేలకు ఒకరికి లోపం ఉందనుకుందాం. అంటే ఆ ప్రతి నూటికి ఒకటి, ఒక్క ప్రతి మోస్తూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరు. ఇంకో సమూహంలో వందకు ఒకరికి లోపం ఉంటే ప్రతి పదికి ఒకటి, మోసేవాళ్ళు నూటికి 18 మంది. జబ్బు వంద రెట్లు పెరగడానికి ప్రతి పది రెట్లు పెరిగితే చాలు. కొద్దిమంది పూర్వీకుల్లో ఒకరిద్దరు దాన్ని మోసి ఉంటే ఆ పది రెట్లు రావడం కష్టమేమీ కాదు.

కారిడార్‌లో కొత్తగా పెళ్ళయిన జంటలు ‘మాది మేనరికం కాదు’ అని ధీమాగా చెప్తుంటారు. బావామరదళ్ళ సంతానంలో ఫలానా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒకటి, మేనమామ-మేనకోడలి సంతానంలో ఎనిమిదిలో ఒకటి. దాన్ని తప్పించుకోవడం మంచిదే. కానీ మాట్రిమొనీ యాప్‌లో మొదటి వడపోత కులం. గోత్రం చూస్తారు సరే, అది తండ్రి వైపు వరస ఒక్కదాన్నే వేరు చేస్తుంది. ఒకరు నెల్లూరు, ఒకరు నిజామాబాద్, చుట్టరికం ఏ మూలా లేదు. అయినా వంద తరాల వెనక ఆ కొద్దిమందిలోనే ఇద్దరి పూర్వీకులూ ఉంటే ఇద్దరూ ఒకే ప్రతిని మోస్తూ ఉండవచ్చు. 2017 పరిశోధన నొక్కి చెప్పిందీ ఇదే. పెళ్ళికి ముందు జాతకాల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు, ఇలాంటి ప్రతిని మోస్తున్నామా అని చూసే క్యారియర్ పరీక్ష మీద పెట్టినా పోయేదేమీ లేదని నా అభిప్రాయం.

బీసీహెచ్ఈ విషయానికి జన్యు పరీక్ష తప్పనిసరి కాదు. రక్తంలో ఆ ఎంజైము ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష 1950ల నుంచే ఉంది. పురుగుమందు తాగి ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు మన డాక్టర్లు మామూలుగా చేయించేది అదే. కాకపోతే అది దృశ్యరూపాన్ని కొలిచే పరీక్ష. విషం వల్ల తగ్గిందా, కాలేయం బాగా దెబ్బతిని తగ్గిందా, పుట్టుకతోనే తక్కువా అన్నది ఆ అంకె చెప్పదు. దానికి జన్యువును చదవాల్సిందే. అంత వ్యవధి లేని అత్యవసర ఆపరేషన్‌లో అనుభవమున్న మత్తుమందు డాక్టర్ మొదట అడిగేది, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందడం ఆలస్యమైందా అని. అవునంటే స్కోలిన్, దానిలాగే అదే ఎంజైముతో విరిగే మైవాక్యూరియం, రెండూ పక్కన పెట్టి రోక్యూరోనియం తీసుకుంటారు. దాన్ని వదిలించుకోవడానికి శరీరానికి బీసీహెచ్ఈతో పని లేదు. తొందరగా ఆపాలంటే సుగమ్మడెక్స్ ఇస్తే నిమిషాల్లో కండరాలు తిరిగి పనిచేస్తాయి.